బస్రా ధర, జహ్రా ధర

జహ్రా, కువైట్, 9-9-90

అక్కా, నేను క్షేమం, అమ్మకు ధైర్యం చెప్పు. ముందు బస్సులో పోతున్న ఓబులేసన్న చేత ఈ కార్డు పంపిస్తున్నా.

నా పాస్‌పోర్టు ఇవ్వమని నెలగా కఫీల్‌ను, అదే నన్ను పనికి పెట్టుకున్న ఇంటాయన్ను, అడుగుతున్నా. "యుద్ధంలో ఆడపిల్లను ఎట్ల పంపేది?" అంటాడు ముసలాయన. ఆయనకు తుపాకులు సేకరించే పిచ్చి. ఇరాక్‌లోని బస్రాలో ఇక్కడి ధరలో సగానికే దొరుకుతాయని ఎప్పుడూ అదే మాట.

నిన్న నెరిసిన మీసాల ఇరాకీ సిపాయి ఒకడు తలుపు కొట్టి, తన తుపాకి చాపినాడు. "ఇది తీసుకొని మామూలు బట్టలియ్యి, పిల్లల దగ్గరికి పోతా" అన్నాడు. పాత అంగీకి తుపాకి! బస్రాలోనూ అంత చవక ఉండదు. ముసలాయన దాన్ని ముద్దుగా తడిమి, "ఎడారిలో పారేసి పో" అని వాడికే ఇచ్చేసి, తన కొత్త అంగీ ఊరికే తెచ్చిచ్చినాడు.

వాడు పోయినాక బీరువా తెరిచి, నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి, "యల్లా, నువ్వూ పో బిడ్డా" అన్నాడు.

గురువారం బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు బయల్దేరుతున్నా. నీకు కాళ్ల వాపులు తగ్గినాయా? జేజికి దండాలు. నేనొచ్చేదాకా బిడ్డకు పేరు పెట్టొద్దు.

నీ చంద్రిక