రేకు పొయ్యికి అతికించిన కాగితం సీలు తీయించే విషయమై

స్తారా చెష్మా,
2025 సెప్టెంబరు 19, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలు.

ఇవాళ్టి పనులు: కారం లేని లావు ఎర్ర మిరపకాయలు నీడలో పరిచి తిరగేయడం, మూడుసార్లు. మెత్తబడినవి ఏరి పారేయడం, నాలుగు కిలోలు. ఖాళీ సీసాలు కడిగి బోర్లించడం, నలభై రెండు. మూతలు ఉడకబెట్టడం, నలభై రెండు, పైగా మూడు. మునిసిపాలిటీకి వెళ్ళిరావడం, రెండుసార్లు. పొయ్యి వెలిగించడం, లేదు.

ఐరోపా సంసిద్ధతా విభాగాధికారి గారికి,
మునిసిపాలిటీ కార్యాలయం, రెండో అంతస్తు, కొత్త తలుపు ఉన్న గది.

అయ్యా,

విషయం: ద్రాక్షతోటల వీధి, ఇంటి నంబరు 14 ముంగిట ఉన్న రేకు పొయ్యికి వేసిన సీలు తొలగించి, శని ఆదివారాలు రెండు రోజులు పొగ రావడానికి అనుమతి కోరుట గురించి.

పై చిరునామాలో నివసించు వెర్కా యాంచెవ్‌స్కా అను నేను, వయసు యాభై నాలుగు, గృహిణిని, విన్నవించుకొనునది ఏమనగా:

1. ఈ నెల 17వ తేదీ బుధవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు తమ విభాగం తనిఖీదారు గొరాంచో మా ముంగిట్లోకి వచ్చి సదరు పొయ్యికి సీలు వేసినాడు. అంతకు గంట ముందే, ఏడాది పచ్చడికి కాల్చవలసిన నూట ఇరవై కిలోల మిరపకాయలు దిగినవి. సీలు కాగితం. సీలు వేయబడిన వస్తువు పొయ్యి. పొయ్యి వెలిగిస్తే కాగితం కాలుతుంది, కాగితం కాలితే జరిమానా. ఈ ఏర్పాటు ఆలోచించినవారు జన్మలో ఒక్క పూట అయినా వంట చేసి ఉండరని నా అభిప్రాయం. ఇది ఫిర్యాదు కాదు, అభిప్రాయమే.

ఆ సమయంలో జరిగిన సంభాషణ, ఉన్నది ఉన్నట్టు:

“మేడం, మెయిన్ రోడ్డు పక్క వీధుల్లో పొగ నిషేధం. మన దేశాన్ని కూటమిలో చేర్చుకోవచ్చో లేదో చూడ్డానికి ఐరోపా నుంచి పరిశీలక బృందం వస్తోంది.”

“ఎవరికిరా మేడం? నీ పాలపళ్ళు ఊడినప్పుడు దూది పెట్టింది ఎవరు?”

“డ్యూటీలో ఉన్నాను పిన్నీ.”

“సరే, డ్యూటీలోనే చెప్పు. ఎప్పుడొస్తున్నారు?”

“పదిహేనో తారీఖుకీ ముప్ఫయ్యో తారీఖుకీ మధ్య.”

“మధ్య అంటే?”

“అదే తెలిస్తే నేనిలా ఊరంతా తిరుగుతానా?”

2. ఆజ్ఞాపత్రం చూపించమని అడిగితిని. చూపించినాడు. అది తమ విభాగం ముద్ర వేసిన పత్రమే. అద్దాలు పెట్టుకుని పన్నెండో పేరా రెండుసార్లు చదివాను. అందులో ఉన్నది రోజుకు వెయ్యి కిలోలకు పైబడి ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీల పొగగొట్టాల గురించి. నా దగ్గర ఉన్నవి నూట ఇరవై కిలోలు. నేనూ, పక్కింటి లోజానా కలిసి రెండు జతల చేతులు.

“నువ్వు ఫ్యాక్టరీవని ఎవరన్నారు పిన్నీ? వాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని ముందు జాగ్రత్త, అంతే” అన్నాడు గొరాంచో.

“వాళ్ళు అడగనిదానికి కూడా మనమే ముందు భయపడాలా?”

“ఇరవై ఏళ్ళుగా ఈ దేశం చేస్తున్న పని అదేగా” అన్నాడు నా భర్త త్రాయ్‌చె, కాఫీ కప్పు మీంచి తల ఎత్తకుండా. ఆయన రిటైరైన బస్సు మెకానిక్కు. ఆయన మాటలు ఈ అర్జీలో భాగం కావు. జరిగింది జరిగినట్టు రాయాలి కాబట్టి రాశాను.

3. మా వీధి చివరి ఇటుకబట్టీ ఆ రోజూ, ఈ రోజూ పొగ వదులుతూనే ఉంది. దాని సంగతి అడిగితే, ఆ పొగకు రిజిస్ట్రేషన్ ఉందనీ, నా పొగకు లేదనీ జవాబు వచ్చినది. సబబే అనుకుని, నా పొగను రిజిస్టరు చేయించుకోవడానికి గురువారం తమ కార్యాలయం మూడో కిటికీ దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాను. ఫారంలో పొగకు మూడు గళ్ళున్నాయి: ఫ్యాక్టరీ, వాహనం, అగ్నిప్రమాదం.

“అమ్మా, మీది మొదటి రెండూ కాదు” అంది కిటికీలో అమ్మాయి.

“అయితే మూడోది రాయి.”

“ముందే తెలిస్తే అది ప్రమాదం ఎలా అవుతుందండీ? జరిగాక రండి.”

ఆమె మంచి పిల్ల. తన కప్పులో ఉన్న కాఫీ నాకిచ్చింది. ఫారం మాత్రం ఇవ్వలేదు.

4. సదరు పొయ్యి చరిత్ర. దీన్ని మా మామగారు 1978లో నూనె పీపా కోసి తయారుచేసినారు. నేను ఎదురింట్లో పుట్టి, రోడ్డు దాటి ఈ ఇంటికి కాపురానికి వచ్చాను. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద ప్రయాణం అదే. అయినా ఇప్పటిదాకా రెండు దేశాల్లో, మూడు పేర్ల మీద, మూడు జెండాల కింద బతికాను. పేరు మారినప్పుడల్లా ఫొటో దిగి కొత్త కాగితాలు తెచ్చుకున్నాను. పాతవన్నీ ఒక కవరులో వరసగా ఉన్నాయి, అడిగితే చూపించగలను. పొయ్యి మాత్రం ఏ కాగితమూ లేకుండానే ప్రతి సెప్టెంబరులోనూ మండింది. మొదటిసారిగా దానికి దొరికిన కాగితం మీ సీలు.

తమరు నన్ను అపార్థం చేసుకోవద్దు. ఐరోపాలో చేరడానికి నేను వ్యతిరేకిని కాను. అభ్యర్థి దేశం అనే హోదా మాకు వచ్చి ఇరవయ్యో ఏడు నడుస్తోంది. ఆ వార్త విన్న రోజు నేనూ కేకు చేశాను. దేశం పేరు మార్చుకోమన్నారు, మార్చుకున్నాం. మొదట ఒక పొరుగు దేశం అడ్డుపడింది, సర్దుకున్నాం. తర్వాత ఇంకో పొరుగు దేశం అడ్డుపడింది, రాజ్యాంగంలో నాలుగు మాటలు చేర్చమంటోంది. అది పెద్దవాళ్ళ పని, నాకు తెలియదు. నాకు తెలిసింది ఇల్లు. మా ఇళ్ళలో ముందు గది ఒకటి ఉంటుంది, అతిథుల కోసం. సోఫాల మీద గుడ్డలు కప్పి, గాజు బీరువాకు తాళం వేసి, ఇంటివాళ్ళమంతా వంటింట్లో ఇరుక్కుని కూర్చుంటాం. తమ విభాగం మొత్తం ఊరినే ముందు గదిగా చేసిందని నా బాధ. కంచెలకు రోడ్డు వైపు మాత్రమే రంగు వేయించారు. మా కంచె లోపలి వైపు ఏ రంగులో ఉందో వచ్చి చూడండి. మేం కూర్చునేది అటువైపే.

5. ఇది అసలు విషయం. మొదటే రాయవలసింది.

లోజానా వచ్చే సోమవారం సాయంత్రం బస్సెక్కుతోంది. ఇద్దరు పిల్లలూ జర్మనీలో ఉన్నారు. మనవడు పుట్టాడు, అమ్మను రమ్మన్నారు. ఇక్కడి ఇంటి తాళం నాకిచ్చి పోతుంది. తిరిగొస్తానంటుంది. మా వీధిలో అందరూ అలాగే అన్నారు. ఇంటి నంబర్లు రెండు నుంచి ఇరవై దాకా నా దగ్గర ఆరు తాళాలున్నాయి, మేకుకు వరసగా వేలాడదీశాను. దేశం ఐరోపాలో చేరేలోగా మనుషులు విడివిడిగా వెళ్ళి చేరిపోయారు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఈ వీధిలో సెప్టెంబరు అంటే ఏడు పొయ్యిలు. ఒకరి మిరపకాయలు కాలేలోపు ఇంకొకరివి తొక్క తీసేవాళ్ళం. తొక్క తీసేటప్పుడు నీళ్ళు తగలనిచ్చి రుచి పోగొట్టిన ఆడదాన్ని ఏడాదంతా ఏడిపించేవాళ్ళం. కాల్చిన మిరపకాయల పచ్చడి అయ్వార్‌లో వంకాయ కలపాలని లోజానా, వద్దని నేను, ముప్ఫై ఏళ్ళుగా గొడవ. ఆ గొడవ ఈ ఏడు తేలకపోతే ఇక తేలదు. ఇప్పుడు పొయ్యి ఒక్కటే మిగిలింది. దానికి సీలు.

మొన్న సాయంత్రం ఇద్దరం ఆ మిరపకాయల పక్కనే ఉత్తినే కూర్చున్నాం. చేతుల్లో పని లేకుండా మేమిద్దరం కూర్చోవడం అదే మొదటిసారి.

“పోనీలే వెర్కా, జర్మనీలో కొట్లో దొరుకుతుందట” అంది.

“కొట్లోదా! ముప్ఫై ఏళ్ళు నాతో తగువాడి, కొట్లోది తింటావా?”

“వంకాయ ఉండదట అందులో” అని నవ్వింది. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళింది. కాసేపటిదాకా బయటకు రాలేదు.

అయ్యా, తమ బృందం కారులో వస్తుంది, కారులో పోతుంది. వీధి శుభ్రంగా ఉంటుంది, కంచెలు మెరుస్తాయి. పొగే లేకపోతే ఈ ఇళ్ళలో ఇంకా మనుషులున్నారని వాళ్ళకు తెలిసేది ఎలా?

6. మిరపకాయలు కోసి ఇవాళ్టికి నాలుగో రోజు. ఆదివారం దాటితే పందులు కూడా ముట్టవు. ఈ గడువును ఏ విభాగమూ పొడిగించలేదు.

కాబట్టి కోరునది: 20, 21 తేదీలలో తెల్లవారుజామున ఐదు నుంచి సాయంత్రం ఏడు దాకా పొయ్యి వెలిగించనివ్వాలి. అందుకు నేను ఒప్పుకునే షరతులు: ఓక్ కట్టెలే వాడతాను, పాత టైర్లు వాడను (ఎవరు వాడతారో రాయను). బృందం కారు కనిపిస్తే కబురు చేయండి, మూత వేస్తాను. మిరపకాయలు కాలుతుండగా ఇరవై నిమిషాలకు మించి మూత వేయడం కుదరదు, కాబట్టి వాళ్ళను ఊరి మొదట్లో వంతెన దగ్గర అంతకన్నా ఎక్కువసేపు ఆపవద్దు.

తమరు ఒక్కసారి చిత్తగించి, రెండు రోజుల నిప్పు మాకు వదిలిపెట్టవలెనని ప్రార్థన.

విధేయతకు కొదవ లేని, వ్యవధి మాత్రం లేని
వెర్కా యాంచెవ్‌స్కా

సోమవారం ఉదయం చేర్చినది:

ఈ అర్జీ శుక్రవారమే ఇద్దామని వస్తే తమ కార్యాలయం మూసి ఉంది. అందువల్ల తరువాత జరిగినది కూడా ఇందులోనే చేరుస్తున్నాను. ఫైలు పూర్తిగా ఉండాలి.

శనివారం తెల్లవారుజామున ఐదుంపావుకు గేటు చప్పుడైంది. వచ్చింది స్తోయ్‌నా, తమ తనిఖీదారు గొరాంచో తల్లి. తోపుడు బండిలో నలభై కిలోల మిరపకాయలు. వాళ్ళిల్లు సరిగ్గా మెయిన్ రోడ్డు మీద ఉంది కదా, కొడుకు మొదటి సీలు కన్నతల్లి పొయ్యికే వేశాడట.

“మంట పెట్టలేదేం?” అంది.

“సీలు ఉంది అక్కా.”

“ఏదీ?” అని వంగి చూసి, ఒక మూల పట్టుకుని సర్రున లాగేసింది. “వాణ్ణి కన్నది నేను. వాడు అతికించింది నేను పీకకూడదా?” అదే కాగితంతో పొయ్యి రాజేసింది. మంచి కాగితం, వెంటనే అంటుకుంది.

ఏడింటికి ఆమె ఫోను మోగింది. గొరాంచో వంతెన దగ్గర టై కట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో బృందానికి ఇవ్వడానికి స్వాగతపు రొట్టె, ఉప్పు. ఆ రొట్టె ఆమె చేసి పంపిందే.

“అమ్మా, ఇక్కణ్ణుంచి పొగ కనిపిస్తోంది.”

“కనిపిస్తే ఇటు చూడకు. రోడ్డు వైపు చూడు, నీ డ్యూటీ అటే కదా.”

ముగ్గురం కాల్చాం, తొక్కలు తీశాం, రాత్రికి గుడ్డలో వేలాడదీశాం. ఆదివారం పొద్దున్నుంచి పెద్ద బాణలిలో వంతులవారీగా తెడ్డు తిప్పాం. వంకాయ కలిపాం, నాలుగే నాలుగు. లోజానా గెలిచిందని రాయనక్కర్లేదు. నేను ఊరుకున్నానని రాస్తే చాలు.

మధ్యాహ్నం రెండింటికి గొరాంచో గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. రెండు రోజుల ఎండకు మొహం కమిలిపోయింది. చంకలో రొట్టె అలాగే ఉంది, చుట్టూ కట్టిన రిబ్బను కూడా.

“రావట్లేదట. వసంతంలో చూద్దామన్నారట” అన్నాడు.

త్రాయ్‌చె కాఫీ కప్పు మీంచి తల ఎత్తాడు. స్తోయ్‌నా కొడుకు చంకలోంచి రొట్టె తీసుకుని వేళ్ళతో నొక్కి చూసింది. గట్టిపడిపోయింది. ముక్కలు కోసి పొయ్యి అంచున కాల్చి, బాణలిలోంచి అయ్వార్ వేడివేడిగా తీసి పూసింది.

“అమ్మా, అది మునిసిపాలిటీ రొట్టె. ఐరోపా వాళ్ళకని పద్దు రాశారు.”

“ఎవరికని రాశారు?” అంది లోజానా.

“ఐరోపా వాళ్ళకి.”

“ఎల్లుండికి నేను ఐరోపాలో ఉంటానురా. ఇలా ఇవ్వు” అని మొదటి ముక్క తీసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. “ఉప్పు తక్కువైంది” అంది. గొరాంచో జేబులోంచి ఉప్పు పొట్లం తీసి విప్పాడు.

పదిహేను సీసాలు ఆమె సంచుల్లో సర్దాం. బస్సు ఇవాళ సాయంత్రం ఆరింటికి. ఏడో తాళం మేకుకు తగిలించాను. కాబట్టి పై అర్జీలో అడిగిన అనుమతి ఇక అవసరం లేదు. అయితే వచ్చే సెప్టెంబరు కోసం తమ దగ్గర ఉంచగలరు. అప్పటికి తొక్కలు తీయడానికి మనిషి కావాలి, తమ విభాగంలో ఎవరికైనా తీరిక ఉంటే తెలియజేయగలరు. నీళ్ళు తగలనివ్వకూడదు, అది ఒక్కటే నిబంధన.

తనిఖీదారుపై ఏ చర్యా తీసుకోవద్దు. తర్వాత రెండు గంటలు తెడ్డు తిప్పింది అతనే.

మునిసిపాలిటీ వారి స్వాగతపు రొట్టె, ఒకటి, నా ముంగిట తినబడినది. బదులుగా అయ్వార్ సీసా, ఒకటి, ఈ అర్జీకి జతపరచడమైనది. బాకీ చెల్లు.