అమ్మ తెచ్చిన ఎర్ర దారం

శుక్రవారం, మత్తిగిరి

ఈ రోజు కూడా పెదనాయన కాఫీ తాగతా నవ్వినాడు. "డిగ్రీ చదివిన పిల్ల ఇంట్లో ఈగలు తోలుకుంటా ఉందనుకుంటి. కాదంట, ఈగలు కడతాందంట!" ఈకలు చుట్టిన గాలాన్ని ఇంగ్లీషులో ఫ్లై అంటారని ఈయనకు చెప్పడం నాదే తప్పు. వీళ్ళ లెక్కలో ఇది పని కాదు, ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపం.

అమ్మ నవ్వలేదు. అదే నాకు కష్టం. పోయిన వారం కృష్ణగిరి పోయి, జాకెట్లకు ఎంబ్రాయిడరీ చేసే ఎర్ర పట్టుదారం నాకోసం తెచ్చింది. "నీ నల్ల దారం కంటే ఇది కళగా ఉంటాదమ్మా" అనింది. కాదనలేక పన్నెండు జిగ్గులు, అదే తలకు సీసం గుండు ఉండే ఈకల గాలాలు, దాంతోనే కట్టినాను. వేళ్ళు ఇంకా నొప్పిగానే ఉండాయి.

సాయంత్రం ఒకటి బకెట్లో నానేసి లాగి చూసినాను. చుట్లు వదులైపోయి ఈకలు చేతికొచ్చినాయి. నా నల్ల నైలాన్ దారమైతే తెగబోయే ముందు వేలికి తెలుస్తాది, అంతవరకూ బిగించొచ్చు. ఇది బిగించే లోపలే పోగులు పోగులుగా విడిపోతాది. బెంగళూరు నుంచి డ్యాములో చేపలు పట్టేదానికి వచ్చే ఆయన మొదటిసారి నమ్మి పన్నెండు కావాలని అడిగినాడు, ఆదివారం ఇచ్చేయాల. చేప నోట్లోనే ఊడిపోతే మళ్ళీ నన్నెందుకు అడుగుతాడు?

అమ్మ మాత్రం పక్కింటామెకు అప్పుడే చెప్పేసింది, "దారం నేనే ఎంచి తెచ్చినాను" అని. ఆ సంతోషం చూసినాక దారం నిలవదని ఎట్ల చెప్పేది...

రేపు పొద్దున మిగిలిన పదకొండు జిగ్గుల దారం బ్లేడుతో కోసేసి పన్నెండూ నైలాన్ దారంతో మళ్ళీ కడతాను. దాచకుండా, అమ్మ ముందరే.