తెగని లైను మీద ఫిర్యాదు

చిట్టికి,

నన్ను ఈ వీధిలో గయ్యాళి ముసలమ్మ అంటారు, అలాగే రాసుకో. వయసు డెబ్బై దాటింది. ఇంట్లో నేను, మంచంలో మీ నాన్న, ఆయన కాళ్ళ దగ్గర బల్ల మీద, నువ్వు అక్కణ్ణుంచి మమ్మల్ని చూసేందుకని మీ ఆయన పెట్టి వెళ్ళిన కంప్యూటరు. నాకు చదువు రాదు కాబట్టి కింది వాటా దర్జీ చేత రాయిస్తున్నాను. ఫోనులో చెబితే "సరేలే అమ్మా" అంటావు, అందుకే కాగితం.

నా ఫిర్యాదు నువ్వు పంపిన మెకానిక్ మీద. ఇదివరకు ఆ కంప్యూటరు రోజూ తనంతట తానే ఆరిపోయి, మళ్ళీ వెలిగి, గంట మోగించేది. "అదిగో, చిట్టి వచ్చింది" అనేదాన్ని. మీ నాన్న కళ్ళు తెరిచేవారు. "నా మొహం చూస్తే సయించదు, కూతురు వస్తే సయిస్తుంది" అని తిట్టుకుంటూ జావ పట్టేదాన్ని.

వాడొచ్చి మోడెం మార్చాడు, తీగ మార్చాడు. అప్పట్నుంచి గంట లేదు. "విసిగిపోయిందే, నన్ను చూడటం మానేసింది" అని మీ నాన్న నోరు కట్టేసుకున్నారు. మనిషి కరిగిపోతున్నారు. పాత తీగ పెట్టించు. లేకపోతే వాడి కాళ్ళు విరగ్గొడతాను.

వేలిముద్ర.
సాక్షులు: రాసిన దర్జీ, ఎదురింటి పాలావిడ.

*

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం వార్డులో మందుల బండి పక్కన నిలబడి చదివాను. నర్సుని కదా, రోగుల ముందు ఏడవకూడదు.

అమ్మా, ఆ గంట మోగితే నేను వచ్చినట్టు కాదు, లైను తెగినట్టు. మోడెం ఆగినప్పుడల్లా నాకు మీరు కనబడరు. నీకు మీట నొక్కడం తెలియదని, లైను తెగితే కంప్యూటరు తనే ఆగి మళ్ళీ మొదలయ్యేలా మీ అల్లుడు పెట్టారు. అది లేచేదాకా నాకు నల్లటి తెరే. అందుకే బాగు చేయించాను. ఇక్కడ మాట్లాడనివ్వరు గానీ, ఫోను తీసినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. నిన్న నాన్న దిండు తిప్పుతూ ఏదో తిట్టావు. పెదాలు చూస్తే తెలిసిపోయింది.

గంట మోగలేదంటే నేనున్నట్టేనని నాన్నకి చెప్పు. సెలవు అడిగాను, ఇవ్వగానే వస్తా.

నీ చిట్టి

*

చిట్టికి,

మీ నాన్న కర్మకాండలయ్యాక వెళ్తూ వెళ్తూ గుమ్మంలో కూలబడి "నేను దగ్గర లేకపోయానమ్మా" అన్నావు. ఇది దానికి జవాబు.

నీ ఉత్తరం చదివించిన రోజు మీ నాన్న సిగ్గుపడిపోయారు. "చూస్తూనే ఉందా? చిరుగు బనీనులోనా?" అని చొక్కా తొడిగించుకున్నారు. గడ్డం గీయించుకున్నారు. నాలుగు చెంచాలు తాగి, మింగానని నీకు తెలిసేలా నోరు తెరిచి చూపించారు. కానీ అప్పటికే ఒంట్లో ఏమీ మిగల్లేదు.

ఊపిరి ఎగదన్నుతుంటే మంచాన్ని కంప్యూటరు వైపు లాగాను. అటే చూస్తూ చెయ్యి లేపారు. ఆ చెయ్యి పడిపోయేదాకా తెర ఆరలేదు. నేనింకా ఎవర్నీ పిలవకముందే దర్జీ ఫోనుకి చేసి ఏడ్చింది నువ్వే. నా పాత తీగే ఉండుంటే, ఆ నిమిషంలో లైను తెగి నల్లటి తెర చూస్తూ నిలబడేదానివేమో.

మెకానిక్ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. దగ్గర లేనన్న మాట మళ్ళీ అన్నావో, ఊరుకోను.

వేలిముద్ర.
దర్జీని సాక్షిగా వద్దన్నాను. ఆయన పోతుంటే చూసింది మనిద్దరమే. నీ సంతకానికి చోటు వదిలిపెట్టించాను.