మూత తెరిస్తే లేస్తోంది

తమ్ముడూ సుధాకర్,

నువ్వు పోయి ఏడాదైనా కలం పట్టలేదు. ఇవాళ ప్రార్థనలో కూర్చున్నా కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

పాటలు తెర మీద చూపించే మన చర్చి లాప్‌టాప్, మూత వేసి తెరిస్తే నల్లగా చచ్చినట్టు పడి ఉండేది కదా. అది ఇప్పుడు లేస్తోంది. నువ్వు దాన్ని నడిపే లినక్స్‌లో, ఎవరైనా తెరిచి సరిదిద్దగల ఆ ప్రోగ్రాములో, లోపం వెతుకుతుంటే, ప్రతి మార్పుకూ నేను వందసార్లు మూత వేసి తీసి, లేవనప్పుడల్లా నోటుబుక్కులో గీత పెట్టేదాన్ని. ఒక్క గీతా లేని పేజీ వచ్చిన వారానికే నువ్వు పోయావు. నీ సవరణను లినక్స్ వాళ్లకు పంపుతానంటే నీ స్నేహితుడు కిరణ్‌కు నేనే ఇచ్చాను.

నిన్న ఆరాధనలో పాస్టరుగారు అతన్ని నిలబెట్టి, కంప్యూటర్ బాగు చేశాడని చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. బయటికొచ్చాక, ఆ సవరణ మీద నీ పేరు వేశాడో లేదో కిరణ్‌నే అడిగాను.

"రాసినోళ్ల కాడ నా పేరే పెట్టిన అక్కా. రేపు ఎవలన్న అడిగితే జవాబు చెప్పేటోడు ఉండాలె గదా."

"జవాబు నువ్వే చెప్పు. రాసింది మాత్రం మా తమ్ముడని పెట్టు. నువ్వు గా మూత ఒక్కసారన్న ముట్టినవా?"

"లినక్స్‌ల ఒకసారి ఎక్కినంక పేరు మార్చరాదక్కా."

"అయితే ఇంకోసారి నాకు కనబడకు" అన్నాను, చర్చి మెట్ల మీదే.

క్షమించాలని నాకు తెలుసు. ఇవాళ క్షమించను. నువ్వు రాసిందంతా లోకానికి తెరిచిపెట్టావు. ఈ ఉత్తరం మాత్రం నీ దగ్గరే దాచుకో, ఎవరికీ చూపించకు.

అక్క