గంగులు ప్రాణానికి రామకోటి వల

ఏలూరులో కాపురముంటూ, పశువైద్య శాఖ కొలువు నుండి విరమించిన కొల్లాబత్తుల ప్రసాదరావు అనే నేను ఈ వీలునామాను స్వహస్తాలతో రాస్తున్నాను. నా గుండె దుర్బలమైంది, బుద్ధి కాలేదు. ఎవరి బలవంతమూ లేదు. మునుపు రాసినవి ఏవైనా ఉంటే అవి చెల్లవు. దీన్ని అమలు జరిపే భారం తాడేపల్లిగూడెం మిషను బడిలో పంతులమ్మగా ఉన్న నా చెల్లెలు కృపమ్మది.

1. ఏలూరులోని నా ఇల్లు కృపమ్మకు, ఆమె తదనంతరం ఆమె కుమారుడు అబ్బులుకు చెందాలి. నా సైకిలు అబ్బులు వెంటనే తీసుకోవచ్చు. తుపాకి మాత్రం వాడికి ఇవ్వరాదు. నా ఒళ్ళో నిద్రపోతున్న పెంపుడు జంతువు గంగులు వీపు నిమిరి, "ఈ తోలు కలకత్తాలో మంచి ధర పలుకుద్దండి, మావయ్యగారూ" అన్నవాడు వాడు. హాస్యానికే అని ఉండవచ్చు. అయినా తుపాకిని సర్కారుకు అప్పగించి, మిగిలిన తూటాల సీసం కరిగించి వలకు బరువులు పోయించాలి. ఎవరి వలకో నాలుగో అంశంలో ఉంది.

2. గంగులు నేను పెంచిన నీరుకుక్క. కొల్లేటిలో చేపలు తిని బతికే జాతి. వలలు చింపుతుంది గనుక జాలర్లకు శత్రువు. గేదెలకు గొంతువాపు టీకాలు వేయడానికి కొల్లేటికోట వెళ్ళిన నాడు, వలలో చిక్కిన దాని తల్లిని రామకోటి అనే జాలరి తెడ్డుతో కొట్టి చంపుతుండగా చూశాను. పుర్రె పగిలి కళ్ళు బయటికి వచ్చాక కూడా ఆ తల్లి పిల్లను నోట కరచుకునే ఉంది. దవడలు విడదీసి పిల్లను నా మందుల పెట్టెలో పెట్టుకుని తెచ్చాను.

అది పెరిగాక నీళ్ళు లేనిదే ఉండలేదని కొల్లేటికోటలో పాక వేయించాను. నిరుడు అక్కడ అది రామకోటి వలను నిలువునా చీల్చింది. అతడు తెడ్డెత్తి దాని తుంటి విరగగొట్టాడు. అది అతని కుడిచేతి వేళ్ళు రెండు కొరికి తెంపి నీట ఉమ్మింది. పడవ అడుగున చేపలు నెత్తుట్లో కొట్టుకున్నాయి. ముందు అతనికి, తరువాత దానికి కుట్లు వేశాను. సూది దిగుతుండగానే అతడు, "తమరు మందేసి బతికించండి డాక్టరుగారూ, నేను తెడ్డేసి చంపుతానండి. తమరు పోయిన మర్నాడే" అన్నాడు. అతని భార్య పైడమ్మ, "అలాగే చంపుదువుగానిలే, ముందా చెయ్యి కదపకయ్యా" అంది.

రామకోటి అబద్ధమాడే మనిషి కాడు. ఈ వీలునామా రాయడానికి అదే కారణం.

3. అబ్బులు చెన్నపట్నం కంపెనీ ఒకదానికి ఏజెంటు. పెంపుడు జంతువుకు జబ్బు చేస్తే వైద్యం ఖర్చు ఇచ్చే ఇన్సూరెన్సు కాగితం తెచ్చి, "తమరి తరవాత దీనికి మందెవరేస్తారండి? సంతకం పెట్టేయండి మావయ్యగారూ" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. తొందరపడకుండా ఆలోచించాను. ఆ కాగితం ప్రకారం రోగానికి సొమ్ము వస్తుంది, మనిషి కొట్టిన దెబ్బకు రాదు. గంగులు ఒళ్ళంతా పరీక్షించి చూశాను. విరిగి అతుక్కున్న తుంటి, చీలిన చెవి, గాలం దిగిన పెదవి, వీపున ఈటె గాటు, అన్నీ మనుషులు చేసినవే. రోగం జాడ ఒక్కటీ లేదు. పైగా అది చస్తే యజమానికి పరిహారమట. చచ్చినందుకు సొమ్ము ముట్టే చోట ప్రాణి ఎంతకాలం బతుకుతుందో నాకు తెలుసు. గన్నేరు మేపి చంపిన ఎద్దుల కడుపులు కోసి చూసినవాణ్ణి. అన్నీ పరిహారం రావలసిన ఎద్దులే. కావున ఇన్సూరెన్సు తీసుకోలేదు. నా తరువాత ఎవరూ తీసుకోరాదు.

4. దానికి బదులు రామకోటి వలకు భద్రత ఏర్పాటు చేస్తున్నాను. ఆకివీడు దగ్గరి నా పొలం కృపమ్మ అజమాయిషీలో ఉండాలి. గంగులు వల చింపినప్పుడల్లా ఆ పంట సొమ్ముతో నూలు కొని, అల్లిక కూలితో సహా పైడమ్మకు పంపాలి. వల చినిగిందని రామకోటి నోటిమాట చాలు, రుజువు అడగరాదు. సీసం బరువులూ అతని వలకే. వల చినిగిన పూట వాళ్ళ పొయ్యి వెలగదు. ఆ ఆకలి ఎత్తిన తెడ్డును దుర్మార్గమని నేనెన్నడూ అనలేదు.

ఇదంతా గంగులు బతికి ఉన్నంతకాలమే. అది ఏ కారణం చేత చచ్చినా, ఆ రోజే పొలం తాడేపల్లిగూడెం మిషను బడికి పోవాలి. దాని చావు వల్ల ఏ ఒక్కరి ఇంటికీ గింజ చేరరాదు.

5. గంగులు ఆ పాకలోనే ఉండాలి. మేత పెట్టడానికి పైడమ్మ ఒప్పుకుంది. నా భార్య సలోమి కడపటి జ్వరంలో కప్పుకున్న శాలువను దాని గంపలో పరచాలి. చింపుతుంది. చింపనివ్వాలి.

దీన్ని చదివి వినిపించడానికి రామకోటిని ఏలూరు పిలిపించాను. విన్నాడు. తరువాత తానూ సాక్షిగా వేలిముద్ర వేస్తానన్నాడు. లబ్ధి పొందేవాడు సాక్షి అయితే అతనికి రాసినది చెల్లదని చట్టం గనుక వద్దన్నాను. "మరి నన్ను దేనికి రమ్మన్నారండీ?" అన్నాడు. సంతకాలు అయ్యేదాకా, పాక నుండి నా వెంట తెచ్చుకున్న గంగులును పట్టుకోమన్నాను. "కొరికితే తెడ్డేనండి" అన్నాడు.

నేను ఈ వాక్యం రాస్తుండగా అతడు మూడు వేళ్ళ చేతితో దాని మెడ పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ కదలడం లేదు.

ఏలూరు, 1937 నవంబరు 9
(సంతకం) కొల్లాబత్తుల ప్రసాదరావు

సాక్షులు, నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసినవారు:
నరసరాజు, రిటైర్డు గుమాస్తా, ఏలూరు
ఏసోబు, మిషను బడి ఉపాధ్యాయుడు, ఏలూరు