ఎనిమిది గంటల జెండా

కార్పొరేటర్ అన్నకు నమస్కారం.

నాచారంలోని మా గల్లీ ప్రజల తరఫున ఇందుమూలంగా ప్రకటించునది ఏమనగా, ఈ పంద్రాగస్టుకు బూందీ పొట్లం మనిషికి ఒక్కటే. ఈ రూలు నాకు వర్తించదు.

ఇక అసలు సంగతి. మా పక్కింటి చెన్నయ్య మామ మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. మోకాల్లో ఇనుప రాడ్డు ఉంది. ఏటా జెండా దగ్గర మీరు ఆయనకు శాలువా కప్పుతారు, సంతోషమే. కానీ ఎనిమిదికి జెండా అని చెప్పి మీరు వచ్చేది పదికి. అందాక ఆయన ఎండలో నిలబడే ఉంటాడు. నిరుడు నేను కుర్చీ తెచ్చి వేస్తే, "జెండా ఎగరకముందు సిపాయి కూసుంటడారా? తీసెయ్" అని కసిరాడు. తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. మీరు కప్పిన శాలువా కప్పుకొనే మూలిగాడు.

అన్నా, ఈసారి శాలువా లేకున్నా ఫికర్ లేదు. ఎనిమిదికి రండి చాలు. ఆలస్యమైతే ఫొటోలో మీ పక్కన ఎవరూ ఉండరు. "లీడర్ల కోసం నిలబడుడు ఇగ నాతోని గాదు, నేను రాను" అని మామ ఒట్టు పెట్టుకున్నాడు.

ఇట్లు,
రెండు పొట్లాల మనిషి

తాజా కలం: ఆ ఒట్టు నేను అల్లిందే. మామ అట్లాంటి మాట అననే లేదు. నిన్ననే మెడల్స్ చింతపండుతో తోమి పెట్టుకున్నాడు. "జెండా ఎనిమిదికే గదరా?" అని నన్ను అడిగాడు. అవునన్నాను. అది కూడా అబద్ధం చేయకండి.