కఫన్ గుడ్డ అందుకునే ముందు

అరాబా, బల్యానా
ఫిబ్రవరి 18, ఆదివారం

నాన్నా హమ్దాన్,

నీకూ, ఓడరేవులో నీతో పాటు మూటలు మోసే వాళ్ళందరికీ శాంతి కలగాలి. అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నానమ్మ మోకాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి, ఆమె మాత్రం ఎవరి మాటా వినదు. మీ అమ్మ నీకని ఎండు రొట్టెలు కాల్చింది. వాటితో పాటు ఈ ఉత్తరం సఫాగా వెళ్ళే మైక్రోబస్ డ్రైవర్ చేతికిస్తున్నాను. నువ్వు నా ఫోన్ ఎత్తవు. ఎత్తినా ఈ మాటలు నోటితో చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు.

"గురువారం వస్తాను. కానీ గుడ్డ అందుకోవడానికి కాదు" అని మీ అమ్మతో అన్నావట.

మీ నాన్నను చంపిన దాహీ, నా చిన్నాన్న కొడుకు, నీకు బాబాయి వరస, పదేళ్ళ జైలు ముగించుకుని వచ్చి నెల దాటింది. తన శవానికి చుట్టాల్సిన కఫన్ గుడ్డను తానే రెండు చేతుల మీద మోస్తూ, చెప్పుల్లేకుండా, ఊరందరి ఎదుట నీ ముందుకు నడిచి రావడానికి ఒప్పుకున్నాడు. నువ్వు ఆ గుడ్డ అందుకుంటే పగ ఆగిపోతుంది. అందుకోకపోతే ఆ గుడ్డ అతనికే పనికొస్తుంది. తర్వాత అతని కొడుకు నీ కోసం ఇంకొకటి కొంటాడు.

మొన్న శుక్రవారం నానమ్మ ఎప్పటిలాగే పిండి పీపా వెనక నుంచి మీ నాన్న తుపాకీ తీసి నూనె రాస్తోంది. "ఆ రోజు ఇది వాడి చేతిలో ఉండుంటే నా బిడ్డ బతికేవాడు. పార పట్టుకుని పోయాడు, పిచ్చినాయన" అంది. అది పదకొండేళ్ళుగా వింటున్న మాటే. నేను గురువారం సంగతి ఎత్తాను.

"నోర్ముయ్యవే, చదువుల డాక్టరమ్మా! నీ నీతులు నీ రాతిదేవుళ్ళకి చెప్పుకో. పరామర్శకొచ్చిన వాళ్ళకి పోసే చేదు కాఫీ నా ఇంట్లో ఇంతవరకూ కాచలేదు. నా మనవడు వాడి పని వాడు చేశాక కాస్తాను" అంది.

పొయ్యి దగ్గర నుంచి మీ అమ్మ తల తిప్పకుండానే, "రెండోసారి కూడా కాచాల్సొస్తుందేమో అత్తా. అప్పుడు తాగడానికి మనింట్లో మగాళ్ళెవరుంటారు?" అంది. మీ అమ్మ నానమ్మకు ఎదురు చెప్పగా వినడం నాకు అదే మొదలు. నానమ్మ నూనె గుడ్డ కింద పెట్టేసింది. మళ్ళీ తీసుకుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మీ నాన్న పోయిన ఏడాది నీకు పదేళ్ళు. నిన్ను మన ఊళ్ళోని ఫరోల కాలం నాటి గుడికి తీసుకెళ్ళి గోడ మీద బొమ్మలు చూపించాను. రాజుగా ఉన్న ఉసిర్ దేవుణ్ణి తమ్ముడు సేత్ చంపాడని, ఉసిర్ భార్య ఇసెత్ తన బిడ్డ హోరుస్‌ను రెల్లు పొదల్లో దాచి పెంచిందని, ఆ బిడ్డ పెద్దవాడై తండ్రి సింహాసనం గెలుచుకున్నాడని చెప్పాను. "తర్వాతేమైంది అత్తా?" అని అడిగావు. "అంతే" అన్నాను. మనతో వచ్చిన నానమ్మ గుడి అరుగు మీద కూర్చుని సంతోషంగా తలాడిస్తోంది. నాకు అక్కడే ఆపాలనిపించింది. సగం కథ నీ చేతికిచ్చి పంపాను.

మిగతా సగం ఇది. హోరుస్, సేత్ నీటి గుర్రాలై నదిలో కొట్టుకుంటుంటే ఇసెత్ ఒడ్డు నుంచి ఈటె విసిరింది. అది ముందు కొడుక్కే తగిలింది. "అమ్మా!" అని అరిస్తే లాగేసుకుంది. రెండోసారి సేత్‌కు దిగింది. "అక్కా, నీ తోడబుట్టినవాణ్ణి!" అని అతను అరిచాడు. ఆ దేవుళ్ళలో తోడబుట్టినవాళ్ళే పెళ్ళాడేవారు; అతను ఆమెకు తమ్ముడూ, ఆమె భర్తను ముక్కలు చేసినవాడూ. ఆమె ఆ ఈటెనూ లాగేసుకుంది. కోపంతో హోరుస్ తల్లి తలే నరికాడు. (దేవతలు ఆమెకు ఇంకో తల పెట్టారు. నాకు పెట్టేవాళ్ళు లేరు, కాస్త చూసుకో.) చివరికి కిరీటం హోరుస్‌కే వచ్చింది. సేత్‌ను మాత్రం చంపలేదు. సూర్యుడి పడవ ముందు భాగంలో నిలబెట్టి, రోజూ సూర్యుణ్ణి మింగబోయే పామును పొడవమన్నారు. ఆ బలం ఇంకెవరికీ లేదట.

చెడును తుడిచెయ్యాలని ఆ పాతవాళ్ళు అనుకోలేదు. కట్టి, దానికొక పని చూపించారు. నాకు అర్థమైంది ఇంతే. ఇది వాళ్ళు చెప్పిన అర్థమా, నాకు కావాల్సిన అర్థమా అని ఎన్నోసార్లు అనుమానపడ్డాను. కాలేజీలో ఈ పాత చరిత్ర పాఠం చెబుతూ ఇలాగే నసుగుతుంటే ఒకమ్మాయి, "మేడమ్, పరీక్షలో ఏది రాస్తే మార్కులేస్తారో అది చెప్పండి" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ మన గుడి కట్టించిన రాజు పేరు సేతి. హంతకుడి పేరు మోసేవాడు చనిపోయినవాడికి అంత పెద్ద ఇల్లు కట్టించాడు. లోపల బొమ్మల లిపిలో తన పేరు చెక్కేటప్పుడు సేత్ బొమ్మ తీయించి, ఉసిర్ బొమ్మ పెట్టించాడు. ఆ గోడను నేను వేళ్ళతో తడిమి చూశాను. దాని మీద మాత్రం నాకు అనుమానం లేదు.

దాహీ పోయిన వారం మా కాలేజీ గేటు దగ్గరకొచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. "అక్కా, నేను నిన్నేమీ అడగడానికి రాలేదు. గుడ్డ పట్టుకుని వస్తాను. తీసుకుంటాడో, కాలుస్తాడో, వాడిష్టం. నా కొడుకు జోలికి మాత్రం పోవద్దని చెప్పు" అన్నాడు. ఒక్క మాట తక్కువ లేదు, ఎక్కువ లేదు.

హమ్దాన్, గురువారం నువ్వు గుడ్డ అందుకోవాలి. బతిమాలడం లేదు, అందుకోవాలి అంటున్నాను. నానమ్మ ఏడుస్తుంది, తిడుతుంది, నన్ను గడప తొక్కొద్దంటుంది. నేను తొక్కుతాను. ఆ సాయంత్రం గుడారం వేయించి, చేదు కాఫీ నేనే కాచి, మీ నాన్నకు పదకొండేళ్ళుగా అందని పరామర్శ అందరి నోటా వింటాను.

నీ మేలు కోరే
మేనత్త ఇన్సాఫ్

తా.క. సంతకం పెట్టాక కవరు మూడుసార్లు అంటించబోయి ఆగాను. ఆ పాతవాళ్ళు చనిపోయినవాళ్ళ గుండె మీద పురుగు ఆకారంలో చెక్కిన రాయిని పెట్టేవాళ్ళు. తీర్పు వేళ గుండెను తూకం వేస్తారు కదా, అప్పుడది నోరు విప్పకుండా. "నా గుండే, నాకు ఎదురు సాక్ష్యం చెప్పకు" అని దాని మీద చెక్కి ఉంటుంది. ఏటేటా పిల్లలకు అది చదివి వినిపిస్తాను. వినిపిస్తున్నప్పుడల్లా పుస్తకంలోంచి తల ఎత్తను.

ఆ రోజు పొలంలో ఉన్న సాక్షిని నేనొక్కదాన్నే. మా అన్న చేతిలో పార తప్ప ఏమీ లేదని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. అబద్ధం. నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగాక ముందు కాల్చింది మీ నాన్న. గురి తప్పింది. రెండో దెబ్బ దాహీది. జనం పరుగెత్తుకొచ్చేలోపు గడ్డిలో పడిన ఆయన తుపాకీని నా పొడుగు గలాబియా అంగీ కింద దాచి, ఇంటికి తెచ్చి, పిండి పీపా వెనక ఎప్పటి చోటే పెట్టాను. నానమ్మ నూనె రాసేది, గురువారం నీ చేతికివ్వబోయేది ఆ తుపాకీనే. అది ఆ రోజు మీ నాన్న చేతిలోనే ఉంది, నాన్నా. అయినా బతకలేదు.

దాహీ ఈ మాట కోర్టులో చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు. గేటు దగ్గర కూడా.

గురువారం అతను నడక మొదలుపెట్టక ముందే, అందరి ఎదుట, నానమ్మ వింటుండగా ఇదంతా చెబుతాను. నువ్వు రాకపోయినా చెబుతాను. వస్తే, నీ పక్కనే నిలబడి చెబుతాను.